క్లిప్పు దానంతటది ఊడదు

నీళ్ళు వంటగది గడప దాటి హాల్లోకి వచ్చేస్తున్నాయి.

"ముందు దాన్ని ఆపు! ఆపవేం?" అని అరుస్తున్నాడు భర్త, సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకుని.

డిష్‌వాషర్ ఆగిపోయి అప్పటికే రెండు నిమిషాలైంది. ఆగిపోయానని చెప్పడానికే అది కీచు కీచుమంటోంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళకి అడ్డంగా పాత దుప్పటి పరిచి, బకెట్లోకి పిండుతోంది. గోరువెచ్చటి నురగ నీళ్ళు వేళ్ళ పగుళ్ళలోకి దిగి చురుక్కుమంటున్నాయి. మెషీన్ లోపల పొద్దుటి గిన్నెలన్నీ ఒంటినిండా సబ్బుతో, స్నానం మధ్యలో కుళాయి ఆగిపోయిన మనుషుల్లా నిలబడి ఉన్నాయి.

"అమ్మా! నీ రెండో కోడలు మళ్ళీ అలిగింది!" అని లోపలి గదికి వినబడేలా కేకేశాడు అతను.

ఆ పేరు పెట్టింది అతనే. ఇరవై తొమ్మిది రోజుల క్రితం డిష్‌వాషర్ ఇంటికొచ్చిన నాడు దాని నెత్తిన చెయ్యేసి, "మొదటి కోడలికి తోడు రెండో కోడలు వచ్చింది. దీనికి నోరు లేదు, అదొక్కటే తేడా" అన్నాడు. చుట్టాలకి ఫోన్లోనూ అదే జోకు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ రోజు ఆమె దేనికైనా నవ్వేలా ఉంది.

అతను కంపెనీకి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు, ఆమెకి వినబడాలని కాబోలు. ముప్ఫై రోజుల్లోపు వస్తువు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామన్నది వాళ్ళ మాట. రేపు సెలవు కాబట్టి ఇవాళే ఆఖరి రోజు. మూడింటికి మెకానిక్ వచ్చి చూసి, కారణం రాసి, సంతకం తీసుకుంటాడు. అతని వెనకే వ్యాన్ వస్తుంది.

"తీసుకుపోండి బాబూ. మా ఇంటికి ఇలాంటివి పడవు," అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె గోడ గడియారం చూసింది. ఒంటిగంటన్నర. నాలుగింటికల్లా ఆమె ఆస్పత్రికి ఒక మాట చెప్పాలి. అవునా, కాదా. డిష్‌వాషర్ ఉంటే అవును. పోతే కాదు.

ఆమె పని చేసేది ఆస్పత్రి అడుగు అంతస్తులో. ఆపరేషన్ కత్తులు, కత్తెరలు, పట్టుకార్లు రక్తం మరకలతో కిందికి వస్తాయి, శుభ్రపడి మూటగట్టుకుని పైకి వెళతాయి. మధ్యలో జరిగేదంతా ఆమె సెక్షను. బీరువాలంత మెషీన్లు మూడున్నాయి. వాటిలో ఏది ఎప్పుడు దగ్గుతుందో, ఎందుకు దగ్గుతుందో, చెవితో చెప్పగలదు ఆమె. పై అంతస్తుల డాక్టర్లు మాత్రం దాన్ని 'గిన్నెలు తోమే డిపార్ట్‌మెంట్' అంటారు. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే భర్త "ఆస్పత్రిలో సామాన్లు కడుగుతుంది" అని చెప్పి, "ఇంట్లో అలవాటేగా!" అని కలుపుతాడు. అలవాటే. పదకొండేళ్ళుగా ఆస్పత్రిలో కత్తులకి మెషీన్, ఇంట్లో కంచాలకి ఆమె చెయ్యి. అతను తన మందుల షాపు మూసి తొమ్మిదింటికి వస్తాడు. అతని భోజనం అయ్యేదాకా ఆఖరి గిన్నె పడదు, ఆఖరి గిన్నె పడేదాకా ఆమె రోజు ముగియదు. "మనిషి చేత్తో కడిగిన కంచంలో తింటే ఆ తృప్తే వేరు" అంటాడు. ఏ మనిషో చెప్పడు.

పోయిన ఏడాది మేట్రన్ ఆమె చేతులు తిప్పి చూసి ప్యాకింగ్ బల్ల దగ్గర్నుంచి లేపేసింది. "పగిలిన చర్మంతో శుభ్రం చేసిన సామాను ముట్టుకోనివ్వను. ఏం చేస్తున్నావమ్మా ఈ చేతులతో?" అంది. ఆమె చేతులు వెనక్కి దాచుకుంది. అంత పెద్ద మెషీన్లు నడిపే మనిషి ఇంట్లో చేత్తో తోముకుంటున్నానని చెప్పడానికి సిగ్గేసింది. ఈ ఏడాది అదే మేట్రన్ పిలిచి, పరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గితే సెక్షన్ ఇన్‌ఛార్జివి నువ్వే అంది. షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా. "నెల టైం ఇస్తున్నా. ఇల్లు బాగు చేసుకో. చేతులూ బాగు చేసుకో."

ఆ సంగతి ఇంట్లో చెప్పింది భర్త ఒక్కడికే. ఖాయమయ్యాక అత్తగారికి చెబుదామనుకుంది. అతను నింపాదిగా విన్నాడు. "నేనెప్పుడైనా వద్దన్నానా? ఇల్లు నడవాలి, అంతే. నేనొచ్చేసరికి సింకులో గిన్నెలు గుట్టలా పడుంటే ఎలా? ఆ ఒక్కటీ చూసుకో, వెళ్ళు." ఆమె ఆ ఒక్కటీ చూసుకుంది. తన సంపాదనతో డిష్‌వాషర్ కొంది. వంట పొద్దున్నే ముగించి వెళ్ళొచ్చు, వడ్డించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది, గిన్నెలు మెషీన్ చూసుకుంటుంది. పెట్టె దించుతున్నప్పుడు అతని మొహం చూస్తే, ఆమె నిజంగా చూసుకుంటుందని అతను అనుకోలేదేమో అనిపించింది. అప్పటికి అంతే అనిపించింది.

చేతికర్ర తాటించుకుంటూ అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. నీళ్ళనీ, కోడలినీ, మెషీన్‌నీ వరసగా చూసింది.

"నేను ముందే చెప్పాను. చేతికి కళ్ళుంటాయి. ఆ పెట్టెకి ఉంటాయా?"

ఇది ఆవిడ మొదటి రోజు నుంచీ అంటున్న మాటే. ఆవిడ నమ్మదని ఆమె ప్రతి గిన్నెనీ ముందు కుళాయి కింద కడిగి మెషీన్లో పెట్టేది. మెషీన్ కడిగాక, నమ్మకం చాలక, అత్తగారు రెండు కంచాలు తీసి మళ్ళీ కడిగేది. ఒక్క కంచానికి మూడు స్నానాలు. పెళ్ళికూతురికి కూడా జరగవు అన్ని. ఆస్పత్రిలో ఎవరైనా ఇలా చేస్తే వాళ్ళకి ఆమే క్లాసు పీకేది: చెయ్యి తట్టుకోలేనంత వేడి నీళ్ళు పోస్తేనే జిడ్డు చస్తుంది, మెషీన్ పోసేది ఆ నీళ్ళే, పైగా కుళాయి కింద పారబోసే దానిలో నాలుగో వంతు. ఇంట్లో ఈ పాఠం చెప్పే ధైర్యం రాలేదు. ఇంట్లో ఆమె మెషీన్ల సంగతి తెలియని మనిషి.

మెకానిక్ మూడింటికి పది నిమిషాల ముందే వచ్చాడు. చెప్పులు విప్పుతూనే నవ్వాడు. "మా వాళ్ళింట్లో కూడా నన్ను నెలకి నాలుగుసార్లు పిలవరు మేడమ్."

"పిలిచేది నేను కాదు, మా ఆవిడ చేతి చలవ," అన్నాడు భర్త.

మెకానిక్ ఇబ్బందిగా కాగితాలు తిరగేశాడు. మొదటిసారి సింకు కింద నీళ్ళ వాల్వు మూసేసి ఉంది. రెండోసారి వెనక పైపు మడత పడింది. మూడోసారి లోపలి జల్లెడ తప్పి కూర్చుంది. మూడు కాగితాల మీదా కారణం ఒకటే: వాడకంలో పొరపాటు. మూడింటి కిందా ఆమె సంతకం. మూడుసార్లూ భర్త పక్కన నిలబడి, "పెట్టెయ్, మళ్ళీ ఆయన్ని నిలబెట్టడం ఎందుకు" అన్నాడు. పెట్టేసింది.

"సింకు కింద సామాన్లు తియ్యండి మేడమ్, చూస్తాను."

ఆమె అర తలుపు తెరిచింది. సబ్బు పొడి డబ్బా, ఫినాయిల్ సీసా, పీచుల బుట్ట, నొక్కితే తుంపర కొట్టే సీసా. వరసగా, బడిలో ప్రార్థనకి నిలబడ్డట్టు ఉన్నాయి. తుంపర సీసా పిడి గోడవైపుకి తిరిగి ఉంటే మణికట్టు మెలితిప్పి తియ్యాల్సి వచ్చింది. ఏదో అడ్డం తగిలింది మనసుకి. ఏమిటో తేలేలోపు మెకానిక్ వెల్లకిలా పడుకుని అరలోకి తల దూర్చేశాడు. టార్చి వెలిగింది. పైపుని వేలితో కదిపి చూశాడు.

"మేడమ్, వంటింట్లో ఈమధ్య ప్లంబర్ ఎవరైనా పని చేశారా?"

"లేదే."

"వాడిన నీళ్ళు బయటికిపోయే పైపుకి ఇనప క్లిప్పు ఉంటుంది. స్క్రూతో బిగిస్తాం. నేనే బిగించాను, నా గుర్తు కూడా ఉంది. అది విప్పేసి ఉంది. పైపుని ఊరికే ఆనించి పెట్టారు."

"అదురుకి ఊడి ఉంటుందిలే," అన్నాడు భర్త.

మెకానిక్ తల బయటికి పెట్టాడు. "క్లిప్పు దానంతటది ఊడదు సార్. ఎనిమిది చుట్లు తిప్పాలి. స్క్రూడ్రైవర్ కావాలి, నాలా పడుకోవాలి, గట్టి వేళ్ళు కావాలి."

అత్తగారి కర్ర ఒకసారి నేలని తాటించి ఆగింది.

భర్త ఆమెని చెయ్యి పట్టుకుని బాల్కనీలోకి తీసుకెళ్ళాడు. అంత మెత్తగా అతను చెయ్యి పట్టుకుని చాలా రోజులైంది. "నీకు అర్థమైందిగా?" అన్నాడు గొంతు తగ్గించి. "అమ్మే. మొదటి నుంచీ ఆవిడకి అదంటే గిట్టదు. పెద్దావిడ, ఏమంటాం? పరువు పోతుంది. నువ్వేమీ అడగకు. మెషీన్ ఇచ్చేద్దాం, గొడవ వదిలిపోతుంది. ఉద్యోగానిదేముంది, ఇంకో ఏడు వస్తుంది."

ఆమె నమ్మింది. నిజం చెప్పాలంటే అంతకుముందే, మూడోసారికే, మనసులో ఎక్కడో ఆ వేలు అటే చూపించింది. అత్తాకోడళ్ళ మధ్య అనుమానానికి సాక్ష్యం ఎవరు అడుగుతారు? కాళ్ళొచ్చినట్టు నడిచి వెళ్ళి కూర్చుంటుంది. ఇంకో ఏడు. పన్నెండో ఏడు. అప్పటికి ఈ వేళ్ళు ఎలా ఉంటాయో. మేట్రన్‌కి ఏం చెప్పాలో కూడా మాటలు పేర్చుకుంది: మా ఇంట్లో కుదరడం లేదండీ. ఎవరు కుదరనివ్వడం లేదో చెప్పాల్సిన అవసరం ఆ వాక్యంలో లేదు. అందుకే కాబోలు ఆడవాళ్ళందరికీ ఆ వాక్యం కంఠతా వచ్చు.

లోపలికి వచ్చి, వ్యాన్ వాళ్ళు వచ్చేలోపు నేల తుడుద్దామని, సింకు దగ్గర వరసగా దించిన సామాన్ల ముందు కూర్చుంది. అప్పుడు తేలింది ఇందాక మనసుకి అడ్డం తగిలింది ఏమిటో.

లేబుళ్ళు.

ఆమె దించినవి దించినట్టే ఉన్నాయి. అన్నిటి లేబుళ్ళూ ముందుకి తిరిగి ఉన్నాయి. పొట్టివి ముందు, పొడుగువి వెనక. ఆమె ఎప్పుడూ అలా పెట్టదు. అత్తగారూ పెట్టదు. రోజూ వాడే మనిషికి లేబులుతో పనేముంది? పిడి చేతికి అందాలి, మూత బొటనవేలికి అందాలి. చీకట్లో చెయ్యి పెట్టినా సబ్బు పొడి సబ్బు పొడిగానే తగలాలి. చేత్తో బతికేవాళ్ళు పిడి ముందుకు పెడతారు. లేబుళ్ళు ముందుకు పెట్టేది అరలకి ఎదురుగా నిలబడి చదివేవాళ్ళు. మందుల షాపులో ఇరవై ఏళ్ళుగా నిలబడిన చెయ్యి, అడ్డొచ్చిన సామాన్లు తీసి, పని కానిచ్చి, ఎవరికీ తెలియకూడదని మళ్ళీ శుభ్రంగా సర్దిపెట్టింది. మరీ శుభ్రంగా సర్దింది. వంటింట్లో ఒక్కరోజైనా పని చేసి ఉంటే ఆ తప్పు చేసేది కాదు.

కానీ ఆస్పత్రి అలవాటు: ఒక్క మరక చూసి ట్రే తిప్పి పంపరు, కార్డు చూస్తారు. అక్కడ ప్రతి ట్రేకీ కార్డు ఉంటుంది. ఎవరు కడిగారు, ఎవరు కట్టారు, ఎప్పుడు. ఇంట్లో కూడా అలవాటుకొద్దీ అర తలుపు లోపలివైపు ఒక అట్టముక్క అంటించింది, ఏ రోజు ఎన్నింటికి మెషీన్ వేసిందో రాసుకుంటూ. భర్త చూసి "దీనికి జాతకం కూడా రాస్తున్నావా!" అని నవ్వాడు. ఇప్పుడు ఆ జాతకం చదివింది. మెషీన్ చెడిన రోజులకి మూడు ఎర్ర గీతలు, ఇవాళ్టిది గీస్తే నాలుగు. మొదటిది, రాత పరీక్షకి ముందు రోజు. రెండోది, ఇంటర్వ్యూ రోజు పొద్దున్న. మూడోది, కొత్త షిఫ్టు ఒకసారి చేసి చూడమని మేట్రన్ పిలిచిన రోజు. మెకానిక్ కోసం కూర్చుండిపోయి ఆమె వెళ్ళలేకపోయింది. నాలుగోది ఇవాళ. మిగతా ఇరవై అయిదు రోజులూ డిష్‌వాషర్ నోరు లేని కోడలిలా బుద్ధిగా పని చేసింది.

ఈ తేదీలు తెలిసింది ఎవరికి?

"అత్తయ్యా," అంది మెల్లిగా. అత్తగారు బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. "నాకు ఆస్పత్రిలో ఇన్‌ఛార్జి పోస్టు ఇస్తానన్నారు. ఇవాళ నాలుగింటికల్లా చెప్పాలి."

"ఏం పోస్టు?" ఆవిడ మొహం ఎత్తింది. "ఎప్పుడు? నాకెవరూ చెప్పలేదే!"

ఆవిడ కర్ర మీద పెట్టిన చేతులు చూసింది ఆమె. మెటికలు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. మందు సీసా మూత తియ్యాలన్నా కోడల్ని పిలిచే చేతులు. నేల మీద కూర్చుంటే ఇద్దరు లేపాల్సిన మోకాళ్ళు. ఎనిమిది చుట్లు! ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. రెండు వారాల క్రితం ఒక మధ్యాహ్నం, ఎవరూ చూడటం లేదనుకుని అత్తగారు మెషీన్ తలుపు తెరిచింది. ఆవిరి పోయేదాకా ఆగింది. వెచ్చటి కంచం ఒకటి తీసి, కడగలేదు, రెండు అరచేతుల మధ్య పట్టుకుని కళ్ళు మూసుకుంది. అది చల్లారాక లోపల పెట్టి, ఇంకొకటి తీసింది. మళ్ళీ కడగడానికని ఆవిడ తీసే ఆ రెండు కంచాలు ఎందుకో ఆ రోజే తెలిసింది. చూడనట్టు పక్కకి తప్పుకుంది గానీ, ఇందాక బాల్కనీలో ఆ సంగతే మరిచిపోయింది. తనమీద తనకే రోత పుట్టింది.

"బాబూ," అని అత్తగారు హఠాత్తుగా మెకానిక్‌ని పిలిచింది. "నీకు కుట్టుమెషీన్ల సంగతి తెలుసా?"

"మా నాన్నగారు అవే బాగుచేసేవారమ్మా."

"నాకూ ఒకటి ఉండేది. చేతినిండా బట్టలు ఒప్పుకున్న వారమే దాని తోలుబెల్టు తెగేది. మా ఆయన పాపం తనే వెళ్ళి కొత్తది తెచ్చేవారు. పది రోజులు పట్టేది తేవడానికి. నాలుగుసార్లయ్యాక ఇక బట్టలిచ్చేవాళ్ళు మానేశారు. మెషీన్ అచ్చిరాలేదని అమ్మేశాం." ఆవిడ కర్రని పక్కకి ఆనించింది. "బెల్టు దానంతటది తెగితే అంచు ఎలా ఉంటుంది?"

"పీచులు పీచులుగా ఉంటుందమ్మా. సాగి సాగి తెగుతుంది కదా."

"తిన్నగా ఉంటే?"

మెకానిక్ ఇద్దరి మొహాలూ చూశాడు. "తిన్నగా ఉంటే... బ్లేడు పెట్టినట్టు."

"తిన్నగా ఉండేది," అంది అత్తగారు. "నాలుగుసార్లూ." గోడ మీది మామగారి ఫోటో వైపు ఆవిడ చూడలేదు. చూడకపోవడమే వినబడింది. "నేను అడగలేదు అమ్మాయ్," అంది కోడలితో, అంతకన్నా మెల్లిగా.

కింద వ్యాన్ హారన్ మోగింది. భర్త బాల్కనీలోంచి హుషారుగా వచ్చాడు. "వచ్చేశారు! కానివ్వండి, కానివ్వండి."

మెకానిక్ అట్ట మీద కాగితం పెట్టి, పెన్ను నొక్కాడు. "కారణం... మామూలుగానే రాసెయ్యనా మేడమ్? వాడకంలో పొరపాటు?"

"రాసెయ్యండి," అన్నాడు భర్త. "పాపం, దానికివన్నీ అలవాటు లేవు." అని, తల్లి వైపు కళ్ళతో చూపించి, 'అనకు' అన్నట్టు ఆమెకి సైగ చేశాడు.

ఆమె చేతులు తుడుచుకుంది. నాలుగు కావడానికి ఇరవై నిమిషాలుంది. ఫోన్ తీసి మేట్రన్‌కి మెసేజ్ పెట్టింది: 'సోమవారం రెండింటికి వస్తున్నాను. చేతులు కూడా బాగుపడతాయి.' పంపాక ఫోన్ బల్ల మీద, అత్తగారి ముందు పెట్టింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, ఫోన్‌ని చీరకుచ్చెళ్ళతో తుడిచి తిరిగి ఇచ్చింది.

ఇంటిగుట్టు లంకకి చేటు అని అత్తవారింటికి పంపేటప్పుడు అమ్మ చెప్పింది. పదకొండేళ్ళుగా ఆ గుట్టుని కంచాలతో పాటు కడిగి, తుడిచి, బోర్లించింది. మూడుసార్లు సంతకం కూడా పెట్టింది. ఆ లంక ఎవరిదో, చేటు ఎవరికో, ఏ రోజూ అడగలేదు. ఆస్పత్రిలో ఎవరి చెయ్యి పడిందో రాయని ట్రేని ఆమె పైకి పంపదు. డాక్టర్లు ఎంత అరిచినా పంపదు.

"సంతకం మేడమ్," అన్నాడు మెకానిక్ పెన్ను చాపుతూ.

ఆమె పెన్ను అందుకోలేదు. కింద సామాన్లలోంచి తుంపర సీసా తీసి, పిడి తనవైపుకి తిప్పుకుని, సింకు కింద దాని చోట్లో పెట్టింది. తర్వాత లేచి నిలబడింది.

"పొరపాటు అని రాయకండి. మెషీన్ బాగానే ఉంది, ఎక్కడికీ పోదు, వ్యాన్‌ని వెళ్ళిపొమ్మనండి." భర్త కళ్ళలోకి చూస్తూ చెప్పింది. "నాలుగుసార్లూ చెడగొట్టింది మా అత్తగారు కాదు, నేనూ కాదు. మా ఆయన. అలాగే రాయండి."